మదనపల్లె ఆస్పత్రి, కువైట్ ఆస్పత్రి

కువైట్‌లో ఏ సర్కారీ ఆస్పత్రికి వెళ్ళినా రెండు నిమిషాల్లో మలయాళం చెవిన పడుతుంది. బీపీ చూసే సిస్టరు, రక్తం తీసే సిస్టరు, ఇంజెక్షన్ గది బయట పేర్లు పిలిచే సిస్టరు, ఎటు చూసినా కేరళవాళ్ళే అనిపిస్తుంది. తెలుగు కూడా వినబడుతుంది గానీ వేరే చోట. వరండాలో చక్రాల కుర్చీలో ఒక కువైటీ అవ్వ కూర్చుని ఉంటుంది. ఆ కుర్చీ పట్టుకున్న మనిషి ఫోన్లో కొడుకుతో మాట్లాడుతుంటుంది. ఒకసారి రాయచోటి యాస, ఇంకోసారి గోదావరి యాస.

ఆ అవ్వకు వేళకు మందులు వేసేది, డైపర్ మార్చేది, ఒళ్ళు తుడిచేది, వీపున పుండ్లు పడకుండా రాత్రి రెండుసార్లు లేచి పక్కకు తిప్పి పడుకోబెట్టేది ఆ తెలుగు మనిషే. లోపల సిస్టరు చేసే పనిలో సగం ఆమె ఇంట్లో చేస్తూనే ఉంది. కానీ ప్రభుత్వం లెక్కలో ఒకరు నర్సు, ఇంకొకరు ఇంటి పనిమనిషి. ఒకరికి డ్యూటీ గంటలు, సెలవు, గ్రాట్యుటీ ఉన్నాయి. ఇంకొకరికి పాస్‌పోర్టు తన దగ్గరే ఉంటే అదే అదృష్టం.

ఈ తేడా ఎట్లా వచ్చింది? "మలయాళీలు చదువుకున్నారు, మనవాళ్ళు చదువుకోలేదు" అనే జవాబు ఇక్కడి టీ కొట్లలో ఉచితంగా దొరుకుతుంది. అబద్ధం కాదు, కానీ ఎందుకు చదువుకోలేదు అన్న ప్రశ్నను అది అక్కడే వదిలేస్తుంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, చరిత్ర నా వృత్తి కాదు. ఆ జవాబు చాలక శుక్రవారాల్లో కూర్చుని చదవడం మొదలుపెడితే కథ నూరేళ్ళకు పైగా వెనక్కి పోయింది. అంతకన్నా ఆశ్చర్యం, అది మదనపల్లె దాకా వచ్చింది.

ముందు కువైట్ సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇది మట్టి గోడ చుట్టుకున్న చిన్న రేవు పట్నం. ముత్యాల కోసం సముద్రంలో మునగడం, పడవల మీద సరుకు మోయడం, ఇవే బతుకుతెరువులు. పడవలు బస్రా ఖర్జూరాలు వేసుకుని బొంబాయికీ మలబారుకూ వెళ్ళేవి, టేకు కలప వేసుకుని తిరిగొచ్చేవి. ఇక్కడి ప్రసిద్ధమైన పడవలన్నీ మలబారు టేకుతో చేసినవే. బజారులో చెల్లేది కూడా మన రూపాయే. 1961లో కువైట్ దినారు వచ్చేదాకా అదే నడిచింది. అంటే కేరళ తీరానికీ కువైట్‌కూ రాకపోకలు నూనె పుట్టకముందు నుంచీ ఉన్నాయి. రాయలసీమకు సముద్రమే లేదు.

ఆ కాలంలో పట్నానికి పాలకుడు షేక్ ముబారక్. ఆయన ఆహ్వానం మీద అమెరికన్ మిషనరీ డాక్టర్లు వచ్చి 1914లో ఆస్పత్రి కట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1912లో, ఎలియనోర్ కాల్వర్లీ అనే డాక్టరమ్మ వచ్చింది. మగ డాక్టరు ముందుకు ఆడవాళ్ళు రారు కాబట్టి ఆమె అవసరం పెద్దదే. ఊరివాళ్ళు ఆమెను ఖాతూన్ హలీమా అని పిలుచుకున్నారు. 1919లో ఆడవాళ్ళకు విడిగా ఆస్పత్రి కట్టారు. మరుసటి ఏడాది, 1920 అక్టోబరులో జహ్రా దగ్గర యుద్ధం జరిగినప్పుడు గాయపడ్డవాళ్ళను మోసుకొచ్చింది ఈ మిషన్ ఆస్పత్రికే. డాక్టర్ స్టాన్లీ మైల్రియా వాళ్ళకు వైద్యం చేశాడు. ఊరికి ఆస్పత్రి మీద నమ్మకం గట్టిపడింది అప్పుడే అంటారు.

డాక్టర్లు దొరికారు సరే, నర్సులు ఎక్కడినుంచి వస్తారు? కువైట్‌లో ఆడపిల్లలకు ప్రభుత్వ బడి పెట్టిందే 1937 ప్రాంతంలో. అంతకు ముందు ఖురాన్ నేర్పే ఇంటి బళ్ళే. చదువుకుని, ఇల్లు దాటి, పరాయి మగవాడి గాయం కడిగే ఉద్యోగం అన్న ఆలోచనే అక్కడ లేదు. అందువల్ల మొదటి రోజు నుంచీ ఈ ఊళ్ళో నర్సు అంటే బయటి మనిషే. అమెరికా నుంచి ఒకరో ఇద్దరో వచ్చేవారు. తర్వాతి దశకాల్లో గల్ఫ్ మిషన్ ఆస్పత్రుల్లోకి భారతీయ క్రైస్తవ నర్సులు రావడం మొదలైంది. ఈనాటి నర్సుల బజారుకు పునాదిరాయి అది.

ఇప్పుడు ఆ మిషనరీలను పంపిన చర్చి ఏదో చూద్దాం. న్యూయార్క్ పరిసరాల్లో డచ్చివాళ్ళు పెట్టుకున్న పాత ప్రొటెస్టెంట్ శాఖ, రిఫార్మ్‌డ్ చర్చ్ ఇన్ అమెరికా. దీని అరేబియన్ మిషన్ బస్రా, బహ్రెయిన్, మస్కట్, కువైట్‌లలో పనిచేసింది. ఇదే చర్చికి అంతకంటే పాత మిషన్ ఇంకొకటి ఉంది. దాని పేరు ఆర్కాట్ మిషన్. 1853లో స్కడ్డర్ కుటుంబం మొదలుపెట్టింది. తమిళంలో వెల్లూరు, రాణిపేట దాని కేంద్రాలు. తెలుగులో దాని కేంద్రం మదనపల్లె.

మదనపల్లెకు 1863లో వచ్చిన జేకబ్ చాంబర్లిన్ డాక్టరూ, తెలుగు బాగా నేర్చిన మనిషీ. తెలుగు బైబిలు సవరణలో ఆయనది ముఖ్యమైన చెయ్యి. 1911లో ఆ ఊళ్ళో మిషన్ వారు మేరీ లాట్ లైల్స్ ఆస్పత్రి కట్టారు. మదనపల్లెవాళ్ళకు ఇప్పటికీ అది తెలిసిన పేరే. దగ్గర్లోనే వివిధ మిషన్లు కలిసి క్షయ రోగులకు శానటోరియం పెట్టాయి. దాన్నే ఆరోగ్యవరం అంటాం. వెల్లూరులో ఐడా స్కడ్డర్ 1909లో నర్సుల బడి మొదలుపెట్టింది. 1946లో అక్కడే డిగ్రీ స్థాయి నర్సింగ్ కళాశాల వచ్చింది. దేశంలో మొట్టమొదట డిగ్రీ ఇచ్చిన రెండు చోట్లలో అదొకటి, రెండోది ఢిల్లీ.

తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. మదనపల్లె ఆస్పత్రి 1911, కువైట్ ఆస్పత్రి 1914. చర్చి ఒకటే, చందాలిచ్చిన అమెరికా ఊళ్ళు ఒకటే. నిజానికి మదనపల్లెకు మూడేళ్ళు ముందే దక్కింది, వెల్లూరు నర్సుల బడి కూతవేటు దూరంలో ఉంది. ఈ లెక్కన కువైట్ ఆస్పత్రుల్లో ఈరోజు మదనపల్లె, రాయచోటి, పీలేరు నర్సులు నిండి ఉండాలి. అదే ప్రాంతం నుంచి వేలమంది ఆడవాళ్ళు కువైట్ వచ్చారు కూడా. నర్సులుగా మాత్రం కాదు.

ఆస్పత్రి కట్టినంత మాత్రాన ఊళ్ళో ఆడపిల్లలు నర్సులైపోరు. మన దగ్గర ఆ రోజుల్లో నర్సు పని అంటే ముట్టుకోరాని వాటిని ముట్టుకునే పని. మలం, మూత్రం, చీము, రక్తం, పురుడు. కులం ఇవన్నీ ఎవరు ముట్టుకోవాలో ముందే రాసిపెట్టింది. పైగా రాత్రి డ్యూటీ, పరాయి మగవాళ్ళ మధ్య తిరగడం. పెద్ద కులాలవాళ్ళు, ముస్లిం కుటుంబాలు కూతుళ్ళను పంపలేదు. మిషన్ ఆస్పత్రుల్లో నర్సింగ్ నేర్చుకున్న తెలుగు అమ్మాయిల్లో ఎక్కువమంది క్రైస్తవంలోకి వచ్చిన దళిత కుటుంబాలవాళ్ళు. గుంటూరులో అన్నా కుగ్లర్ 1898లో తెరిచిన ఆస్పత్రి కానీ, జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి క్యాంప్‌బెల్ ఆస్పత్రి కానీ, ఎంతోమందికి ఈ దారి చూపించాయి. ఆ అమ్మాయిలకు నర్సు ఉద్యోగం తలెత్తుకుని బతికే మొదటి అవకాశం. వాళ్ళ ఎదురుచూపు సర్కారు కొలువు కోసం. జిల్లా ఆస్పత్రిలో పర్మనెంట్ పోస్టు, పెన్షను, క్వార్టరు. అది వచ్చాక సముద్రం దాటాలని ఎందుకనుకుంటారు? తెలుగు నర్సు విదేశాలకు పోకపోవడానికి చేతకానితనం కారణం కాదని, ఆ తరంలో ఉన్న ఊళ్ళోనే గౌరవం దొరకడం ఒక కారణమని నా అంచనా.

కేరళలో కథ వేరేగా నడిచింది. అక్కడ క్రైస్తవం కొత్తగా వచ్చినది కాదు, సిరియన్ క్రైస్తవులు శతాబ్దాల నాటివాళ్ళు, సంఘంలో పైమెట్టు మీద ఉన్నవాళ్ళు. ఆడపిల్లల చదువు తిరువాన్కూరులో ముందునుంచీ ఉంది. భూమి ముక్కలై, కట్నాలు పెరిగి, మధ్యతరగతి రైతు కుటుంబాలు ఇరుకున పడ్డప్పుడు కూతుర్ని నర్సింగ్‌కు పంపడం ఒక ఉపాయమైంది. అక్కడ కూడా మొదట్లో చిన్నచూపు తప్పలేదు. "నర్సును చేసుకున్నాడట" అని మాట అనేవారు. కానీ రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక నర్సులుగా, తర్వాత దేశంలోని పెద్ద నగరాల ఆస్పత్రుల్లో, 1960ల్లో చర్చి ద్వారా పశ్చిమ జర్మనీలో, ఇట్లా ఒకరి వెనుక ఒకరు వెళ్ళేసరికి దారి పడింది. ఆ దారిలో అక్క చెల్లెల్ని లాక్కుంది, చెల్లెలు మేనత్త కూతుర్ని లాక్కుంది. డబ్బు ఇంటికి రావడం మొదలైతే చిన్నచూపు మెల్లగా మాయమైంది. కొన్నాళ్ళకు పెళ్ళి సంబంధాల్లో "అమ్మాయి గల్ఫ్‌లో నర్సు" అన్నదే కట్నం అయింది.

ఇక కువైట్‌లో నూనె. బుర్గాన్‌లో 1938లో దొరికింది, యుద్ధం వల్ల ఆగి 1946లో మొదటి ఎగుమతి జరిగింది. 1949లో అమీరీ ఆస్పత్రి తెరిచారు. అది మిషన్‌ది కాదు, ప్రభుత్వానిది. 1957లో మొదటి జనాభా లెక్క తీస్తే దేశం మొత్తం 2 లక్షల చిల్లర మంది. 1975కల్లా అది 10 లక్షలకు దగ్గరైంది. ఆ వచ్చినవాళ్ళలో సగానికి పైగా బయటివాళ్ళే. 1961లో స్వాతంత్ర్యం, 1962లో సబా ఆస్పత్రి, 1980ల మొదట్లో ముబారక్ అల్ కబీర్ వంటి పెద్దాస్పత్రులు. ఉచిత వైద్యం ప్రభుత్వం ఇచ్చిన మాట. కువైటీ అమ్మాయిలకు నర్సింగ్ బడి కూడా 1960ల్లో పెట్టారు. చేరినవాళ్ళు కొద్దిమందే. టీచరు ఉద్యోగమో ఆఫీసు ఉద్యోగమో దొరుకుతుంటే షిఫ్టుల పని ఎవరికి కావాలి? ఇప్పటికీ కువైటీ నర్సులు చాలా తక్కువ.

పడకలు పెరిగాయి, నర్సులు బయటినుంచే రావాలి. పాలస్తీనా, ఈజిప్టు, లెబనాన్, భారతదేశం, తర్వాత ఫిలిప్పీన్స్. ఇంతలో మిషన్ ఆస్పత్రికి పని తగ్గిపోయింది, 1967లో మూసేశారు. ప్రభుత్వం అంతకంటే పెద్దవి ఉచితంగా నడుపుతుంటే ఇంకెందుకు? కానీ మిషన్ వేసిన దారి మూసుకుపోలేదు. నర్సు కావాలంటే భారతదేశంలో వెతకాలన్న అలవాటు అప్పటికే స్థిరపడింది, వెతికితే దొరికే చోటు కేరళ. ఇంటర్వ్యూలకు వచ్చే బృందాలు బొంబాయి, ఢిల్లీ, కొచ్చి వెళ్ళేవి. కడప రావడానికి వాళ్ళకు కారణం లేదు.

కడప నుంచి మనుషులు వాళ్ళే వచ్చారు. 1970ల నూనె ధరల తర్వాత రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచి మొదట మగవాళ్ళు, డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా, గొర్రెల కాపరులుగా. వరసగా కరువులు, ఎండిన బోర్లు, ఒకే ఒక్క వేరుశనగ పంట. కువైటీ ఇళ్ళలో పనికి ఆడవాళ్ళు కావాలన్నప్పుడు ఆ డ్రైవరే తన ఊరి మనిషి పేరు చెప్పాడు. గోదావరి జిల్లాల్లో కూడా ఇట్లాగే గొలుసు పడింది. కేరళలో అక్క చెల్లెల్ని నర్సింగ్ బడికి లాక్కున్నట్టే మన దగ్గర వదిన మరదల్ని ఇంటి పనికి లాక్కుంది. గొలుసు పనిచేసే తీరు రెండు చోట్లా ఒకటే. మొదటి కడియం ఎక్కడ తగిలించారన్నదే తేడా.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. చాలామందికి ఈ కథ అక్షయ్ కుమార్ సినిమా వల్ల తెలుసు. బాగ్దాదు మీదుగా ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరితే, అక్కడినుంచి రెండు నెలల పాటు ఎయిర్ ఇండియా లక్షకు పైగా మంది భారతీయుల్ని ఇంటికి చేర్చింది. నర్సుల్లో ఎక్కువమంది వెళ్ళిపోయారు, మిగిలినవాళ్ళతో ఆస్పత్రులు కుంటుతూ నడిచాయి. ఊరు ఖాళీ అయినప్పుడు గానీ ఆస్పత్రి ఎవరి చేతుల మీద నడుస్తోందో తెలియలేదు.

1991 ఫిబ్రవరిలో విముక్తి. ఆ తర్వాత జరిగిన ఒక మార్పు మన కథకు ముఖ్యం. యుద్ధానికి ముందు ఇక్కడ 4 లక్షల దాకా పాలస్తీనీయులు ఉండేవారు. టీచర్లు, ఇంజనీర్లు, డాక్టర్లు, నర్సులు. వాళ్ళ నాయకత్వం సద్దాం వైపు మాట్లాడిందన్న కోపంతో కువైట్ వాళ్ళను తిరిగి రానివ్వలేదు, ఉన్నవాళ్ళను వెళ్ళగొట్టింది. ఆ ఖాళీల్లో చాలావాటిని దక్షిణాసియా వాళ్ళు నింపారు. ఈరోజు కువైట్‌లో దాదాపు 10 లక్షల మంది భారతీయులు ఉంటే అందులో నర్సులు ఇరవై వేలకు పైగా ఉంటారు. 2018లో తెరిచిన జాబర్ అల్ అహ్మద్ ఆస్పత్రి ఒక్కదానికే 1,168 పడకలు. అన్ని పడకల పక్కనా మూడు షిఫ్టులూ మనుషులు ఉండాలి.

ఎక్కడ ఇంత గిరాకీ ఉందో అక్కడికి ఏజెంటు వస్తాడు. మినిస్ట్రీ తనే వచ్చి ఇంటర్వ్యూ చేసుకున్న రోజులు పోయి, రిక్రూట్‌మెంట్ కాంట్రాక్టులు ఏజెన్సీల చేతికి వచ్చాయి. మన 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోగలిగిన రుసుముకు గరిష్ఠ పరిమితి ఉంది. అప్పట్లో అది 20,000 రూపాయలు. 2015లో సీబీఐ కొచ్చిలో ఒక ఏజెన్సీ మీద కేసు పెట్టింది. కువైట్ ఆరోగ్య శాఖ కోసం నర్సుల్ని ఎంపిక చేసే ఆ ఏజెన్సీ, 19,500 రూపాయలు తీసుకోవాల్సిన చోట మనిషికి 19.5 లక్షలు వసూలు చేసిందని అభియోగం. వలసదారుల్ని కాపాడాల్సిన అధికారి మీద కూడా అదే కేసులో ఆరోపణ వచ్చింది. వందసార్లు పెంచిన ధరకు కూడా జనం బారులు తీరారంటే మన ప్రైవేటు ఆస్పత్రుల్లో నర్సుకు ఏం ఇస్తున్నారో అర్థం చేసుకోవచ్చు. ఆ జీతాల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 50 పడకల లోపు ఆస్పత్రి అయినా నెలకు కనీసం 20,000 ఇవ్వాలని 2016లో కేంద్రం వేసిన కమిటీ సిఫార్సు చేసింది. మన జిల్లా కేంద్రాల్లోని నర్సింగ్ హోముల్లో ఈ సిఫార్సు పేరు కూడా చాలామంది విని ఉండరు.

ఆ 2015లోనే భారత ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. కువైట్‌తో సహా 18 దేశాలకు వెళ్ళే నర్సులు ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకోవాలి, రాష్ట్ర ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. మొదట కేరళకు చెందిన నోర్కా రూట్స్, ఒడెపెక్. తర్వాత మిగతా రాష్ట్రాల సంస్థలు, మన ఓమ్‌క్యాప్, తెలంగాణ టామ్‌కామ్ చేరాయి. ఇందులో ఒక విశేషం ఉంది. పదో తరగతి పాసైతే క్లియరెన్సు అక్కర్లేదన్నది పాత సూత్రం. చదువుకున్నవాళ్ళు మోసపోరు, వాళ్ళను వాళ్ళు చూసుకోగలరు అన్నది దాని వెనుక నమ్మకం. నాలుగేళ్ళు చదివిన నర్సునూ, సంతకం రాని పనిమనిషినీ ఒకే గొడుగు కిందికి తెచ్చాక ఆ నమ్మకం పోయింది. ఏజెంటు ముందు ఇద్దరూ ఒకటే.

కువైట్‌లోకి వచ్చాక మాత్రం ఇద్దరూ ఒకటి కాదు. ఇక్కడ మనిషి బతుకును నిర్ణయించేది అతని రెసిడెన్సీ ఏ ఆర్టికల్ కింద ఉందన్నది. 17 అంటే ప్రభుత్వోద్యోగం. 18 అంటే ప్రైవేటు కంపెనీ. 20 అంటే ఇంటి పని, మనవాళ్ళ మాటలో ఖాదిం వీసా. మినిస్ట్రీ నర్సులు పై మెట్టు. ప్రైవేటు ఆస్పత్రుల నర్సులు మధ్యలో, మినిస్ట్రీ జీతంలో సగమో ఇంకా తక్కువో. కంపెనీ పేరున ప్రభుత్వ ఆస్పత్రిలో పనిచేసే కాంట్రాక్టు నర్సులు ఇంకో తరగతి. అదే వార్డు, అదే పేషెంటు, వేరే జీతం. కంపెనీ కాంట్రాక్టు ముగిస్తే గుండె దడ.

లైసెన్సు విషయంలో తేడా వస్తే నర్సుకైనా కష్టమే. 2023 సెప్టెంబరులో కువైట్ నగరం మాలియాలో ఒక ప్రైవేటు క్లినిక్ మీద దాడి చేసి లైసెన్సు, వీసా నిబంధనలు తప్పారని అరవై మంది దాకా పట్టుకున్నారు. అందులో ముప్పై మందికి పైగా భారతీయులు, 19 మంది మలయాళీ నర్సులు. పాలు తాగే పిల్లలున్న తల్లులు కూడా అందులో ఉన్నారు. రాయబార కార్యాలయం, కేరళ నాయకులు, టీవీలు, అందరూ కదిలారు. మూడు వారాల తర్వాత విడుదలయ్యారు. వాళ్ళు బయటికి రావడం సంతోషమే. అయితే ఒక ఖాదిం వీసా మనిషి కఫీల్ ఇంటి నుంచి పారిపోయి పోలీసు స్టేషనులో కూర్చుంటే ఇన్ని ఫోన్లు మోగవు. నర్సుల వెనుక ఒక సంఘం, ఒక చర్చి, ఒక పత్రికా లోకం నిలబడి ఉన్నాయి. అది కూడా నూరేళ్ళ ఆస్తే.

ఆర్టికల్ 20 వాళ్ళకు అసలు చట్టమే 2015 దాకా లేదు. ఆ ఏడాది 68వ నంబరు చట్టం వారానికో సెలవు, రోజుకు 12 గంటల గరిష్ఠ పని, ఏడాదికి నెల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది. 2016లో కనీస వేతనం 60 దినార్లుగా నిర్ణయించారు. మంచం పట్టిన ముసలమ్మను చూసుకుంటే ఇంత అదనం అని అందులో ఎక్కడా లేదు. ఇల్లు ఊడ్చినా, ఊపిరాడని మనిషిని రాత్రంతా కనిపెట్టుకుని కూర్చున్నా ఒకే ఖాతా. భారత ప్రభుత్వం 30 ఏళ్ళు నిండని ఈసీఆర్ పాస్‌పోర్టు స్త్రీలను ఈ పనికి అనుమతించదు. అందుకని విజిట్ వీసాలు, వేరే దేశం మీదుగా చాటు దారులు. చాటుగా వచ్చిన మనిషికి ఇక్కడ కష్టం వస్తే ఫిర్యాదు కూడా చాటుగానే చేసుకోవాలి. 2018లో, 2020లో, 2024లో కువైట్ క్షమాభిక్ష ప్రకటించినప్పుడల్లా రాయబార కార్యాలయం ముందు తెలుగు ఆడవాళ్ళు కనిపించడానికి కారణం ఇదే.

సముద్రం ఒడ్డున పాత అమెరికన్ మిషన్ ఆస్పత్రి భవనం ఇప్పుడు అమ్రికానీ అనే సాంస్కృతిక కేంద్రం. మిషన్ వారు 1931లో కట్టుకున్న చర్చి ఆ దగ్గర్లోనే ఇప్పటికీ నడుస్తోంది. శుక్రవారం అక్కడ ఒక్కో గదిలో ఒక్కో భాషలో ఆరాధన. మలయాళం, తమిళం, ఫిలిప్పీన్స్ భాష, తెలుగు. ఆ తెలుగు పాటలు పాడేవాళ్ళలో ఎక్కువమంది ఇళ్ళలో పనిచేసేవాళ్ళే. మదనపల్లెలో ఆస్పత్రి కట్టిన చర్చి కువైట్‌లో కట్టిన ప్రాంగణంలోకి ఆ చుట్టుపక్కల ఊళ్ళ మనుషులే వారానికో పూట సెలవు దొరికితే వచ్చి కూర్చుంటున్నారు. ఈ చుట్టరికం వాళ్ళకు ఎవరూ చెప్పి ఉండరు.

ఇప్పుడిప్పుడే ఒక మార్పు కనిపిస్తోంది. తెలుగు నర్సులు అసలే లేరని కాదు. గుంటూరు, కృష్ణా, గోదావరి, నెల్లూరు జిల్లాలవాళ్ళు, హైదరాబాదు కార్పొరేటు ఆస్పత్రుల్లో అనుభవం సంపాదించినవాళ్ళు వస్తున్నారు. గత ఇరవై ఏళ్ళలో నర్సింగ్ కాలేజీలు మన జిల్లాల్లో కూడా విరివిగా వచ్చాయి. కొత్త సంగతి ఏమిటంటే, ఇక్కడ ఖద్దామాగా పనిచేసే తల్లి కూతురు అక్కడ బీఎస్సీ నర్సింగ్ చదువుతోంది. మాలియా బస్టాపు దగ్గర శుక్రవారం సాయంత్రం ఇట్లాంటి తల్లులు ఎదురవుతారు. "మా పాప జీఎన్ఎం రెండో సంవత్సరం సార్, కువైట్‌లో పెట్టియ్యాలంటే ఎంతవుతుంది?" అని అడుగుతారు. నేను నర్సింగ్ మనిషిని కాకపోయినా కంప్యూటర్ పని చేసేవాడికి అన్నీ తెలుస్తాయని వాళ్ళ నమ్మకం.

అందుకే తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను. ఏఎన్ఎం చదువు ఇక్కడ నర్సు ఉద్యోగానికి పనికిరాదు, జీఎన్ఎం కానీ బీఎస్సీ కానీ కావాలి. రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. కనీసం రెండేళ్ళు సరైన ఆస్పత్రిలో పనిచేసి అనుభవ పత్రం తీసుకోవాలి. చాలా ప్రైవేటు ఆస్పత్రులు ఈ పత్రం దగ్గరే పేచీ పెడతాయి, కనుక చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ చేతికి ఇవ్వకండి. సర్టిఫికెట్లకు మన విదేశాంగ శాఖ, కువైట్ రాయబార కార్యాలయం ముద్రలు పడాలి. ఏజెన్సీ నిజమైనదా కాదా అన్నది ఈమైగ్రేట్ సైటులో చూడొచ్చు. చట్టం ప్రకారం రుసుము ఇప్పుడు 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి అడిగారంటే అది వీసా ఖర్చు కాదు. ఓమ్‌క్యాప్, టామ్‌కామ్ ప్రభుత్వానివి, ముందు వాటిని అడగండి. నర్సింగ్ చదివిన పిల్లను "ముందు ఖాదిం వీసా మీద రా, తర్వాత ఆస్పత్రికి మార్పిస్తాం" అని ఎవరైనా అంటే మాత్రం నమ్మకండి.

ఆ తల్లులకు నేను నోటితో చెప్పే లెక్క ఒకటే. దినారు 270 రూపాయలు అనుకుంటే, 60 దినార్లు నెలకు 16,200. కొచ్చి కేసులో ఒక్కో నర్సు దగ్గర వసూలు చేశారని చెప్పిన 19.5 లక్షలు ఆ జీతంతో కూడబెట్టాలంటే ఒక్క పైసా తినకుండా, పంపకుండా పదేళ్ళు పడుతుంది. అంటే తల్లి పదేళ్ళు ఇంకొకరి తల్లిని ఎత్తి దించిన కష్టం, కూతురు ఒక సంతకం పెట్టేలోపు ఏజెంటు జేబులోకి పోతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు వాళ్ళు మామూలుగా ఏమీ అనరు. ఒకామె మాత్రం ఫోన్ తీసి, ఆ 30,000 అంకె కాగితం మీద పెద్దగా రాసివ్వమంది. ఫోటో తీసి కూతురికి పంపింది.